అడవికీ అడవికీ మధ్య దారి: నల్లమల కారిడార్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అచ్చంపేట, అమ్రాబాద్, డిండి, చందంపేట మండలాల్లో జనంతో కూర్చుని మాట్లాడినప్పుడు వచ్చిన ప్రశ్నలివి. రచ్చకట్ట మీద మెల్లగా అడిగినవి కొన్ని, టీ హోటల్ దగ్గర నిలదీసినవి కొన్ని. వాళ్లు అడిగిన వరసలోనే పెట్టాను.

కారిడార్ అంటే మా పట్టా భూమి పోతదా?

పోదు. ఏ ఊరికి పోయినా మొదటి ప్రశ్న ఇదే. దీనికి జవాబు దొరికేదాకా పక్క మాట ఎవరి చెవికీ ఎక్కదు.

మ్యాపులో కారిడార్ అని గీత గీసినంత మాత్రాన పాసుపుస్తకంలో ఒక్క గుంట కూడా మారదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణ ప్రకారం టైగర్ రిజర్వులను, ఒక రిజర్వును ఇంకోదానితో కలిపే ప్రాంతాలను పర్యావరణాన్ని దెబ్బతీసే పనులకు మళ్లించకూడదు. ప్రజల అవసరం కోసం తప్పదనుకుంటే జాతీయ వన్యప్రాణి మండలి అనుమతి కావాలి, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ సలహా కూడా తీసుకోవాలి. ఈ కట్టడి గనుల వాళ్లకు, ఫ్యాక్టరీల వాళ్లకు, పెద్ద రోడ్లు వేసేవాళ్లకు. పల్లి, పత్తి, కంది వేసుకునే రైతుకు కాదు.

జనం భయంలో అర్థం లేకపోలేదు. 2025లో ఆసిఫాబాద్ వైపు కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు పేరిట జీవో 49 వచ్చింది. ఆదివాసీలు రోడ్డెక్కారు, కొన్ని వారాలకే ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. అక్కడ కారిడార్ అవసరం నిజమైనదే. మహారాష్ట్రలోని తడోబా అడవి నుంచి మన కవ్వాల్ టైగర్ రిజర్వుకు పులులు వచ్చే దారి అదే. కానీ ఊళ్లలో కూర్చుని ముందే మాట్లాడకుండా కాగితం తీస్తే ఎంత మంచి కాగితమైనా జనానికి నోటీసులాగే కనిపిస్తుంది. మా దగ్గర ఆ తప్పు జరగకూడదనే ఈ తిరుగుడంతా.

అసలు కారిడార్ అంటే ఏంటిది? గోడ కడతరా, కంచె వేస్తరా?

రెండూ కాదు. రెండు అడవుల మధ్య జంతువు ఒక రాత్రి, రెండు రాత్రులు నడిచి దాటిపోగలిగే దారి అది. ఆ దారి చాలావరకు ఇప్పటికే ఉంది. వాగు ఒడ్డున పొదలు, గుట్టల వరస, ఊరి కంచ (పశువులు మేసే బయలు), బీడు పడిన చేను, రిజర్వు ఫారెస్టు తునకలు, ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉంటే అదే కారిడార్. జంతువు అక్కడ కాపురం పెట్టాల్సిన పని లేదు. పగలు దాక్కునే చోటు, తాగేందుకు నీళ్లు, రాత్రి దాటేందుకు సందు ఉంటే దానికి చాలు.

కాబట్టి కొత్తగా కట్టేది తక్కువ. ఉన్నది ఎక్కడ తెగిపోతుందో కనిపెట్టి తెగకుండా చూసుకోవడమే ఎక్కువ. పది కిలోమీటర్ల దారిలో తొమ్మిదిన్నర కిలోమీటర్లు బాగుండి, మిగిలిన అర కిలోమీటరులో ప్రహరీగోడ ఉన్న ఫాంహౌస్ వచ్చిందంటే ఆ తొమ్మిదిన్నరా వృథా.

నల్లమల ఇంత పెద్దది గదా, దానికి ఇంకో అడవితో పనేంది?

పెద్దదే. 1978లో అభయారణ్యం అయింది, 1983లో టైగర్ రిజర్వు అయింది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతల, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో ఉన్న భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా విడిపడింది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో కోర్ ఏరియా, అంటే పులుల కోసం కట్టుదిట్టంగా ఉంచే లోపలి అడవే 2,166. అవతలి ఒడ్డున ఆంధ్రాలో ఉన్న నాగార్జునసాగర్–శ్రీశైలం రిజర్వు దేశంలోకెల్లా పెద్దది.

అయినా సరిపోదు. మగపులి ఒక్కటే అరవై నుంచి వంద చదరపు కిలోమీటర్ల మేర తనదిగా చేసుకుంటుంది. తిండి తక్కువైన చోట ఇంకా ఎక్కువ కావాలి. మనది ఆకు రాల్చే అడవి. ఎండాకాలం మన్ననూరు దాటి లోపలికి పోతే నల్లమద్ది, ఏపె చెట్లు మోడుబారి, కింద ఎండుటాకు చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. దుప్పులు, కణుతులు నీళ్లున్న చోటికి చేరతాయి, పులీ అటే పోతుంది. రెండేళ్లు దాటిన పులిపిల్ల తల్లి దగ్గర ఉండదు, సొంత చోటు వెతుక్కోవాలి. పోయే దారి లేకపోతే పెద్ద మగపులితో పోట్లాడి చావాలి, లేదా ఊళ్ల మీద పడాలి.

ఇంకొకటి నెత్తురు సంగతి. పెళ్లి సంబంధాలు ఒకే ఇంటి చుట్టూ తిరిగితే ఏమవుతుందో మనకు చెప్పక్కర్లేదు. ఒడిశాలోని సిమిలిపాల్ అడవికి బయటి పులుల రాకపోకలు దాదాపు తెగిపోయాయి. అక్కడ చారలు దగ్గర దగ్గరగా కలిసిపోయి నల్లగా కనిపించే పులులు ఎక్కువ. చూడ్డానికి వింతే గానీ, లెక్కకు కొన్నే పులులు తమలో తామే కలుస్తుంటే వచ్చే గుర్తు అది.

అట్లయితే బయట్నుంచి లారీల తెచ్చి ఇడిచిపెట్టొచ్చు గదా?

అదీ చేస్తారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో 2005 నాటికి ఒక్క పులీ మిగలకపోతే 2008లో హెలికాప్టర్‌లో తెచ్చి వదిలారు. సిమిలిపాల్‌కు కూడా 2024 చివర్లో తడోబా నుంచి రెండు ఆడపులులను తెచ్చారు. వాటిలో జీనత్ అనేది అక్కడ నిలవలేదు. జార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌లోని బాంకుడా దాకా నడిచింది. వారాల తరబడి వెంట పడి, చివరికి మత్తు సూది వేసి వెనక్కి తీసుకెళ్లాల్సి వచ్చింది.

అదే పులి తనంతట తాను బయలుదేరితే వేరే కథ. మహారాష్ట్ర టిపేశ్వర్ నుంచి 2019లో మెడకు రేడియో కాలర్ ఉన్న కుర్ర మగపులి ఒకటి కదిలింది. మన ఆదిలాబాద్ జిల్లాను కూడా తొక్కి, పత్తి చేలు, రోడ్లు, వాగులు దాటి, అయిదు నెలల్లో 1,300 కిలోమీటర్లకు పైగా నడిచి జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. దాని చోటును అదే ఎంచుకుంది. లారీ ఖర్చు లేదు, మత్తు సూది లేదు.

మా దిక్కు కారిడార్ యాడ్నుంచి యాడిదాకా?

దేశంలో పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, భారత వన్యప్రాణి సంస్థ కలిసి గుర్తించిన ముఖ్యమైన కారిడార్లు 32. వాటిలో నాగార్జునసాగర్ నుంచి శేషాచలం కొండల్లోని శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు దాకా పోయేది ఒకటి. నల్లమల దక్షిణంగా సాగి, వెలికొండ, పాలకొండ వరసలను పట్టుకుని, శ్రీలంకమల్లేశ్వర, పెనుశిల నరసింహ అభయారణ్యాల మీదుగా తిరుపతి కొండ చేరే దారి అది. దాదాపు అంతా ఆంధ్రాలోనే ఉంటుంది. దానితో మనకేం పని అంటే, ఆ దారికి ఉత్తరపు కొస మనమే. గొలుసు కొస మన చేతిలో ఉంది.

మన లోపల చిన్న చిన్న దారులు వేరే ఉన్నాయి. అమ్రాబాద్ రిజర్వులో నాగర్‌కర్నూల్ ముక్కకూ, నల్లగొండ ముక్కకూ మధ్య డిండి వాగు ఉంది. అది పోయి కృష్ణలో కలిసే దాకా రెండు ఒడ్లా గుట్టలే. చందంపేట, నేరెడుగొమ్ము వైపు సాగర్ వెనక జలాలు లోయల్లోకి చొచ్చుకొచ్చిన చోట చిరుతలు, ఎలుగుబంట్లు, రేసుకుక్కలు తిరిగే దారులున్నాయి. వైజాగ్ కాలనీకి చేపల కూర తినడానికి వచ్చేవాళ్లలో చాలామందికి తాము కారు ఆపిన గుట్ట వెనకే టైగర్ రిజర్వు ఉందని తెలియదు.

దేవరకొండ నుంచి ఉత్తరంగా మర్రిగూడ, రాచకొండ గుట్టల దాకా పోయేది చిరుతల దారి. కాగితాల మీద దానికి పేరు లేదు. కానీ చిరుతలు కాగితాలు చూసి నడవవు గదా.

నడుమ కృష్ణానది ఉంది. పులి దాటగలదా?

పులి ఈతలో దిట్ట. పిల్లి జాతిలో నీళ్లకు బెదరని కొన్నింటిలో అదొకటి. నీళ్లు తగ్గినప్పుడు, లోయ సన్నగా ఉన్న చోట దాటడం దానికి లెక్క కాదు. అందుకే ఇవతలి ఒడ్డు పులులను, అవతలి ఒడ్డు పులులను వేర్వేరు మందలుగా చూడకూడదు.

అయితే నది ఇప్పుడు పాత నది కాదు. నాగార్జునసాగర్ పని 1955లో మొదలైంది, 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత ఎగువన శ్రీశైలం వచ్చింది. పాయలు పాయలుగా పారే చోట ఇప్పుడు కిలోమీటర్ల వెడల్పున నిండు నీళ్లు. పులి ఈదుతుంది, సరే. కొండగొర్రె, ముళ్లపంది, అలుగు సంగతేంటి? కారిడార్ అనగానే అందరి నోటా పులే వస్తుంది, చిన్న జీవాల లెక్క ఎవరూ తీయరు.

శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిదికే గేటు ఎందుకు వేస్తరు? మా బతుకులు ఆగిపోతున్నయి.

హైదరాబాద్–శ్రీశైలం 765వ నంబరు జాతీయ రహదారి మన్ననూరు నుంచి దోమలపెంట, ఈగలపెంట దాకా కోర్ ఏరియా గుండానే పోతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు ఆపేది అందుకే. అడవి జంతువులు ఎక్కువగా కదిలేది చీకట్లో. లారీ లైటు కళ్లలో పడితే దుప్పి కదలకుండా నిలబడిపోతుంది. అదే దాని చావు.

ఇబ్బంది లేదని అనను. ఒకసారి మా మేనత్తకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే పరుగెత్తుకొచ్చి, పది నిమిషాలు ఆలస్యమై గేటు దగ్గర ఆగిపోయాను. అంబులెన్సును ఆపరు, నా కారును ఆపారు. ఆ రాత్రి చెక్‌పోస్టు బల్ల మీద కూర్చుని, బండ్ల చప్పుడు పూర్తిగా ఆగాక ఆ రోడ్డెలా ఉంటుందో మొదటిసారి విన్నాను. పదకొండు దాటాక ఎక్కడో దుప్పి హెచ్చరిక కూత వేసింది, ఒక్కసారి కాదు, ఆగకుండా. గార్డు తల కూడా తిప్పకుండా "దిగుతాంది" అన్నాడు. ఏది దిగుతోందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

మన్ననూరు నుంచి అడవి మీదుగా ఎత్తయిన వంతెన రోడ్డు వేయాలన్న ప్రతిపాదన ఉంది. కింద జంతువులు తిరిగేలా స్తంభాల మీద రోడ్డు పోవడం మంచి ఆలోచనే. మహారాష్ట్రలో పెంచ్ అడవి గుండా పోయే 44వ నంబరు రహదారి మీద తొమ్మిది చోట్ల కింది దారులు వదిలారు. వాటిలో పెద్దది 750 మీటర్ల పొడవు. కెమెరాలు పెట్టి చూస్తే పులులు కూడా ఆ దారుల్లోంచి పోతున్నాయి. కానీ కట్టినన్నేళ్లూ యంత్రాల మోత, వెలుతురు, లేబర్ క్యాంపులు ఉంటాయి. పైగా వంతెన వచ్చాక రాత్రి గేటు తీసేస్తే, కిందనున్న పాత రోడ్డు మీద బండ్లు ఆగుతాయా అన్నది ఇప్పుడే కాగితం మీద రాయించుకోవాలి. గేటుకు ఖర్చు లేదు. వంతెనకు వేల కోట్లు. ఖర్చు లేనిదాన్ని వదులుకోవడానికి నేనైతే తొందరపడను.

సోమశిల దగ్గర కృష్ణ మీద వంతెనతో వచ్చే 167కె రహదారి సంగతీ ఇంతే. కొల్లాపూర్ వాళ్లకు అది ఎన్నేళ్ల కలో నాకు తెలుసు. అడ్డుపడమని ఎవరూ అనడం లేదు. ఎక్కడెక్కడ కింది దారులు వదులుతున్నారో డిజైన్ దశలోనే అడగాలి. కట్టాక అడిగితే కల్వర్టు కూడా దక్కదు.

కారిడార్ అని చెప్పి ఏ పనీ కానియ్యరు అంటరు?

కొన్ని కానివ్వకూడదు. 2019లో అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం సర్వేకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు చెంచులు, లంబాడీలు, పట్నం పిల్లలు, సినిమావాళ్లు అందరూ ఒక్కటయ్యారు. ఆ సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. అడవి నడుమ వందల బోర్లు వేసి, వాటి దాకా రోడ్లు వేశాక మిగిలేదాన్ని అడవి అనలేం.

కొన్నింటికి దారి వెతుకుతారు, ఆ దారికీ ఖరీదుంటుంది. నల్లగొండకు కృష్ణ నీళ్లు తెచ్చే శ్రీశైలం ఎడమగట్టు కాల్వ (ఎస్సెల్బీసీ) సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు అడవి కిందనుంచి పోతుంది. పైన టైగర్ రిజర్వు ఉండడంతో నడుమ ఎక్కడా పక్కదారులు తవ్వకుండా రెండు చివర్ల నుంచే తవ్వుకుంటూ వచ్చారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు లోపల కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన వాణ్ణి, సొరంగం తెచ్చే కృష్ణ నీళ్లు వద్దని ఎట్లా అంటాను? అడవిని కాపాడే లెక్కలో కూలీ ప్రాణాన్ని కూడా కలుపుకోవాలని మాత్రం ఆ రోజు నుంచి గట్టిగా అనుకుంటున్నాను.

చెంచులను బయటికి పంపిస్తరా?

బలవంతంగా పంపడానికి చట్టం ఒప్పుకోదు. కోర్ ఏరియా నుంచి కదలాలంటే ముందు అటవీ హక్కుల చట్టం కింద వాళ్ల హక్కులు తేల్చాలి. గ్రామసభ ఒప్పుకోవాలి. కుటుంబం తన ఇష్టంతో పోవాలి. అలా పోయేవాళ్లకు కేంద్రం పథకం కింద కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. నచ్చితే డబ్బు, లేదంటే భూమి, ఇల్లు.

కాగితం మీద ఉన్న ఇష్టానికీ, మనసులో ఉన్న ఇష్టానికీ తేడా ఉంటుంది. నీళ్లు లేక, బడి లేక, కాన్పుకు మోసుకుపోవాల్సి వస్తే ఎవరైనా 'పోతం' అంటారు. అది ఇష్టం కాదు, విసుగు. పెంటలో, అంటే చెంచుల గూడెంలో, నీళ్లూ వైద్యమూ అందించాక కూడా పోతానంటే అప్పుడు ఇష్టం అనొచ్చు. అప్పాపూర్ పెంటకు పోయినప్పుడు ఒక చెంచు పెద్దాయన అన్నాడు: "పులి మాకు కొత్త గాదు బిడ్డా. పులికి మేం కొత్త గాదు. మీరే ఇద్దరికీ కొత్త."

జంతువు కదిలితే దానంతట అదే ఫోటో తీసే కెమెరా ట్రాప్ ఎక్కడ కట్టాలో చెప్పేది చెంచులే. బేస్ క్యాంపుల్లో కాపలా ఉండేది, అగ్గి పడితే ముందు ఉరికేది చెంచు పిల్లలే. నాతో వచ్చిన ట్రాకర్ ఒకాయన వాగు ఇసుకలో గుర్తు చూసి వంగాడు. అరచేతిని దాని పక్కన పెట్టి, అంచు మీద వేలితో తాకాడు. అంచు ఇంకా రాలలేదు, లోపల చీమల బాట లేదు. "తెల్లారుజామునదే, ఆడది" అన్నాడు. మగపులి జాడ పొడవూ వెడల్పూ దాదాపు సమానంగా ఉంటుంది, ఆడపులిది కొంచెం పొడుగ్గా ఉంటుంది. నేను ఫోటో తీసుకునేలోపు ఆయన పది గజాల ముందు రెండో జాడ దగ్గర ఉన్నాడు. ఇలాంటి కళ్లను అడవిలోంచి తీసేసి కారిడార్ కాపాడతామనడం నాకు అర్థం కాదు.

పులి మా పశువును కొడితే?

కళేబరాన్ని కదపొద్దు. పురుగుమందు చల్లడం అసలే వద్దు. అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు వెంటనే చెప్పాలి. ఫోటోలు తీసుకుని పంచాయతీ కార్యదర్శినీ, పశువుల డాక్టరునూ పిలవాలి. పంచనామా అయ్యాక పరిహారం వస్తుంది. కళేబరం అక్కడే ఉంటే పులి రెండో రాత్రి కూడా దాన్నే తింటుంది, ఇంకో పశువు జోలికి పోదు.

పరిహారం ఆలస్యం అవుతుందన్నది నిజం. మా మామ పల్లి చేను పందులు తవ్విపోస్తే, దరఖాస్తు పట్టుకుని ఒక కార్యాలయం చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాడు. మొదటిసారి ఫోటో సరిగా లేదన్నారు, రెండోసారి సర్వే నంబరు తప్పన్నారు. పరిహారం కంటే పంట కాపలాకు పోసిన డీజిల్ ఖర్చే ఎక్కువైంది. కారిడార్ విషయంలో నాకున్న పెద్ద కోపం ఇదే. పులి పేరు మీద రైతు చేసే అప్పుకు వడ్డీ రైతే కట్టుకోవాలా? పరిహారం నెల రోజుల్లో చేతిలో పడితే ఇందులోని సగం ప్రశ్నలు ఎవరూ అడగరు.

పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెడితే తప్పేంది?

మొదట, అది చంపేది ఒక్క పందినే కాదు. తెల్లవారుజామున చేనుకు పోయిన మనుషులు పోయిన ఊళ్లు పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. రెండోది, పులి, చిరుత, ఎలుగు ఆ తీగకు పడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. పంది కోసం పెట్టానంటే వినరు.

క్లచ్ వైరు ఉచ్చులదీ అదే కథ. బైకు పాత క్లచ్ వైరును ముడివేసి కంచె సందులో కట్టేస్తారు, వంద రూపాయలు కూడా కాదు. 2020 జనవరిలో మర్రిగూడ మండలంలో ఒక చిరుత ఇలాంటి ఉచ్చుకే చిక్కి, తర్వాత చనిపోయింది. ఇందాక చెప్పిన దేవరకొండ–రాచకొండ దారి ఎక్కడ తెగిందో చూపించే గుర్తు అదే. గుట్టలు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి, పొదలు ఉన్నాయి. ఒక్క వైరు ముక్క చాలింది.

పందులకు విరుగుడు లేదా అంటే, పూర్తిగా లేదు. సోలార్ కంచె కొట్టే దెబ్బ ఆగి ఆగి వస్తుంది, చంపదు. అంచున కుసుమ వేసినవాళ్లు ముళ్లకు భయపడి పందులు రావడం తగ్గిందంటారు. పది మంది రైతులు కలిసి ఒకే కంచె వేసుకుంటే తలా కొంచెమే పడుతుంది. ఒక్కడే వేసుకుంటే పంది పక్క చేనులోకి పోతుంది, అంతే.

మేకలు, పశువులు మేపుకోవచ్చా?

కోర్‌లో కూడదు. బయటి రిజర్వు ఫారెస్టులో, కంచల్లో ఊరి కట్టుబాటును బట్టి. అయితే అమ్రాబాద్ పొడ తూర్పు పశువుల సంగతి వేరు. ఒంటి మీద పొడలున్న ఆ ఎడ్లు నల్లమల అంచున అడవి మేత మీద పెరిగిన జాతి. కురుమూర్తి జాతరలో వాటి కోసం దూర ప్రాంతాల రైతులు వస్తారు. వాటిని అడవికి శత్రువులుగా చూడడం తొందరపాటు. పట్టించుకోవాల్సింది జబ్బుల సంగతి. గాలికుంటు మంద నుంచి దుప్పులకు అంటుకుంటుంది. టీకాలు వేయించిన మంద, వేయించని మంద అన్నదే అసలు తేడా.

హరితహారం లెక్కన మొక్కలు నాటితే కారిడార్ తయారవుతదా?

చాలాచోట్ల నాటడం కంటే పీకడం ముఖ్యం. సర్కారు తుమ్మ, లాంటానా కమ్ముకుంటే కింద గడ్డి మొలవదు. గడ్డి లేకపోతే దుప్పి లేదు, దుప్పి లేకపోతే పులి లేదు. వరసల్లో నీలగిరి నాటి పచ్చగా ఉందంటే ఫోటోకు బాగుంటుంది, ఎలుగుబంటికి అందులో తినడానికేముంది? ఇప్ప, తునికి, మొర్రి, నేరేడు, మేడి ఉంటే దానికి భోజనం.

అగ్గిని ఆపడం ఇంకా పెద్ద పని. ఫిబ్రవరి నుంచి మే దాకా ఒక్క బీడీ ముక్క చాలు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చే అలవాటు కూడా మానాలి. పాత చీర పరిస్తే పని అయిపోతుంది.

సలేశ్వరం జాతర ఆపేస్తరా?

ఆపరు. చైత్ర పౌర్ణమికి ఆ లోయలోకి దిగడం ఈ ప్రాంతపు మొక్కు. కానీ అది జంతువులకు నీళ్ల కరువు ఉండే రోజుల్లో వస్తుంది. జనం పోయే దారి, జంతువులు నీళ్లకు వచ్చే దారి ఒకటే. ప్లాస్టిక్, డీజే లేకుండా పోయి రావడం మన చేతిలో పని. అక్కడ కొలువైన లింగమయ్య డీజే అడగలేదు.

మాది మహబూబ్‌నగర్ వైపు. పులి లేదు, అడవి లేదు. మాకేం సంబంధం?

అడవి తక్కువేగానీ బతికే జీవాలు తక్కువ కాదు. కోయిలకొండ, హన్వాడ, దేవరకద్ర గుట్టల్లో చిరుతలున్నాయి. మక్తల్, కృష్ణా మండలాల మెట్ట చేలలో కృష్ణజింకల మందలు తిరుగుతాయి. వాటి వల్ల కంది, పత్తి పోతోందన్న రైతు గోడు కూడా అంతే నిజం. ఇక్కడ కారిడార్ అంటే చెట్లు కాదు. కంచ భూములను, బీళ్లను వెంచర్లు మింగకుండా ఆపడం. తోడేలుకు, జింకకు చెట్టు నీడ కంటే బయలు ముఖ్యం. బీడు అని మన రికార్డుల్లో రాసుకున్నది దానికి ఇల్లు.

మా ఊరి నుంచి ఏం చేయొచ్చు?

ఒక్క చోటు చూసుకోండి. మీ ఊరి దగ్గర వాగు రోడ్డును ఎక్కడ దాటుతుందో, అక్కడి కల్వర్టు చూడండి. డిండి వైపు మేం చూసిన ఒకటి నోటిదాకా ఒండ్రుతో, సీసాలతో, చిరిగిన ఎరువు సంచులతో నిండిపోయింది. మధ్యలో మనిషి పాకడానికి కూడా సందు లేదు. జంతువు పైకెక్కి రోడ్డు దాటాల్సిందే, లారీ కింద పడాల్సిందే. పంచాయతీలో మాట్లాడి రెండు రోజులు పని పెట్టిస్తే శుభ్రమైంది. నాలుగు ట్రాక్టర్ల చెత్త వచ్చింది. కింద మెత్తటి ఒండ్రు కొంచెం వదిలేశాం, జాడలు పడతాయేమోనని.

మూడు వారాలకు పోయి చూశాం. పునుగు పిల్లి జాడలు అటూ ఇటూ ఉన్నాయి, పక్కనే కుందేలువి. గోడ అంచున ఒక ముళ్లపంది ముల్లు పడి ఉంది, నలుపూ తెలుపూ పట్టీలతో. వెంట వచ్చిన కుర్రాడు జేబులో వేసుకోబోతే అక్కడే పెట్టించాం. మళ్లీ వెళ్లినప్పుడు ముల్లు లేదు, జాడలు ఇంకా ఎక్కువయ్యాయి.